తలుపు దగ్గరి కుర్చీ

పుస్తకమంటే మనకు మొదటి పేజీలో మొదలై చివరి పేజీలో అయిపోయేది. కుట్లక్కకు అలా కాదు. అచ్చాఫీసు నుంచి బైండింగు షాపుకు వచ్చేవి పుస్తకాలు కావు, బల్లంత షీట్లు. ఒక్కో షీటు మీద ఇటు ఎనిమిది పేజీలు, అటు ఎనిమిది. సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. ఒకటో పేజీ పక్కన రెండోది ఉండదు, పదహారోది ఉంటుంది. ఆ షీటును సరిగ్గా మూడు మడతలు పెడితే పేజీలన్నీ బుద్ధిగా వరసలోకి వచ్చేస్తాయి. దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ పేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుడితే పుస్తకం. కుట్టేది ఆవిడ కాబట్టి కుట్లక్క అయింది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, జీతం తీసుకునే రోజు తప్ప దానితో ఎవరికీ పనిపడలేదు.

ఇలా మడత పెట్టకముందే షీటు మీద చదివేవాళ్ళకు ఒక చిక్కుంది. మనిషి పోయాడని ముందు తెలుస్తుంది, వాడెవడో తర్వాత తెలుస్తుంది. మడత పెడుతూ పెడుతూ ఇక్కడ నాలుగు వాక్యాలు, అక్కడ ఆరు వాక్యాలు ఏరుకుని, మిగిలిన కథ తనే అల్లుకునేది కుట్లక్క. ఆ అల్లుకోవడంలో ఆవిడ చెల్లెలు ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. ఆ పిల్లను అందరూ పిచ్చిక అనేవాళ్ళు. ఒకచోట కుదురుగా కూర్చోదు, నోట్లో నువ్వుగింజ నానదు. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే బల్ల, ఎదురెదురుగా కూర్చుని మడతలు పెట్టేవాళ్ళు. దెయ్యాల నవల షీట్లు వచ్చాయంటే పిచ్చికకు పట్టపగ్గాలుండేవి కావు. భయపడుతూనే చదివేది, చదువుతూనే "అమ్మో!" అని అరిచేది. ఆ అరుపుకు షాపంతా ఉలిక్కిపడేది. ఓనరు లోపలి గదిలోంచి, "అమ్మాయ్, ఆ దెయ్యం కన్నా నీ గొంతే భయంగా ఉంది!" అని కేకేసేవాడు.

ఒకరోజు పిచ్చిక మడతలు నొక్కే మడతపుల్ల బల్ల మీద పడేసింది.

"ఛ! ఇవేం దెయ్యాలే అక్కా? జుట్టు విరబోసుకోవడం, గాలి వీయడం, కుక్క ఏడవడం. ఇంతేనా? మనమే ఒకటి రాద్దాం."

"రాసి?"

"రాసి భయపెడదాం. ఒక ఇల్లు. అందులో ఒక పిల్ల, ఒక ముసలామె, అంతే. పిల్ల పొద్దంతా పనికి పోతుంది. రోజూ ఎవరో వచ్చి తలుపు తడతారు. గొంతు సొంత మనిషిదే. కానీ ఆ మనిషి ఎప్పుడో పోయింది."

"అయితే బయట ఉన్నది దెయ్యమేగా?"

పిచ్చిక కనుబొమలు ఎగరేసింది. "ఏమో! చివరి ఫారం దాకా ఆగు. ఇప్పుడే చెప్పేస్తే నీకు నా మీద లోకువ అవుతుంది."

తలుపు ఎలా తట్టాలో కూడా ఆ పిల్లే తేల్చింది. షీట్ల కట్ట అంచులు సమం కావడానికి బైండింగువాళ్ళు దాన్ని బల్ల మీద తడతారు. రెండు తట్లు, కట్టను తిప్పి ఇంకో తట్టు. దెయ్యం అలాగే తడుతుందట. ఆ మాటకొస్తే అక్కాచెల్లెళ్ళు తమ ఇంటి తలుపు తట్టేదీ అలాగే. రోజంతా చేసిన పని చేతులకు పట్టేస్తుంది కదా. ఆ చేతులకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏ చిన్న కాగితం దొరికినా ఊరుకోవు. బస్సు టికెట్టయినా సరే, మూడు మడతలు పెట్టి, అంచుకు అంచు కలిపి, గోరుతో నొక్కి గోరంత ఫారం చేసి పారేస్తాయి.

ఆ చివరి ఫారంలో ఏముందో చెప్పకుండానే పిచ్చిక వెళ్ళిపోయింది. అచ్చాఫీసుకు కాగితం బండిళ్ళు తెచ్చే లారీ డ్రైవరుతో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కుర్రాడు చెడ్డవాడేం కాదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిచ్చే రకం. కుట్లక్కకు మంట ఆ కుర్రాడి మీద కాదు. ఒకే దిండు మీద పడుకుని పెరిగిన అక్కకు ఒక్క ముక్కయినా చెప్పలేదే అని. ఆ రోజు ఆవిడ నోటికి హద్దూ అదుపూ లేకుండా పోయింది. ఏమేం అందో ఆవిడకే గుర్తులేదు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని అత్త మాత్రం అన్నీ వింది.

అత్త గురించి చెప్పాలి. ఆవిడ పిల్లల నాన్నకు అక్క, అంటే వీళ్ళకు మేనత్త. సొంత పిల్లలు లేరు. అమ్మానాన్నా పోయాక ఈ ఇద్దర్నీ చంకనొకరిని, చేతనొకరిని పట్టుకుని పెంచింది. తను తినకుండా పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. అందులో వంక పెట్టడానికి లేదు. ముదిమి మీద పడ్డాక వంటగది కుట్లక్కకు అప్పగించి, వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకుంది. తెల్లారితే ఆ కుర్చీ ఎక్కేది, పొద్దుగూకితే దిగేది. చూపు మసకబారింది గానీ చెవులా, పాము చెవులు! వీధి మొదట్లో చెప్పుల చప్పుడు వింటే అదెవరి కాలో చెప్పేది. చీమ లోపలికి రావాలన్నా అత్తకు తెలియకుండా రాలేదని కుట్లక్క గొప్పగా చెప్పుకునేది.

కోపం ఎంతసేపు? చెల్లెలు వెళ్ళిన మర్నాడు వడ్డిస్తూ మూడు కంచాలు పెట్టింది కుట్లక్క. మూడో కంచాన్ని చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. ఆనాటి నుంచి సాయంత్రం షాపు నుంచి వస్తూ వీధి మలుపు తిరగ్గానే ఆవిడ కళ్ళు ముందు గుమ్మం మీదికి పోయేవి. గడప దాటుతూనే అడిగేది.

"ఎవరైనా వచ్చారా అత్తా?"

"ఎవరొస్తారే మనింటికి?"

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నాళ్ళకు ప్రశ్న సగమైంది, "ఎవరైనా...?" అంటే చాలు. తర్వాత అదీ పోయింది. ఊరికే అత్త వైపు చూసేది, అత్త తల అడ్డంగా ఊపేది. వెళ్ళినదాని మీద బెంగ ఎలా ఉంటుందంటే, పక్కింట్లో ఎవరో నవ్వితే గుండె జారేది. షాపులో ఎదురు పీట ఖాళీగా ఉంటే చూడలేక ఓనరును బతిమాలి బల్లను గోడవైపు తిప్పించుకుంది. పెళ్ళిమాట వస్తే, "అది తిరిగొచ్చాక చూద్దాంలే" అనేది. అలా అంటూ అంటూనే జుట్టు నెరిసిపోయింది.

ఒకసారి వానాకాలంలో గడప పక్కన ఒక బస్సు టికెట్టు దొరికింది. మూడు మడతలు. అంచుకు అంచు. గోటి నొక్కు. కుట్లక్క దాన్ని అత్త ముందు పట్టింది.

"అత్తా! ఇది పిచ్చిక మడత! అది వచ్చింది, కదూ? నిజం చెప్పు!"

"నీకు మతిగానీ పోయిందా? పొద్దుట్నుంచీ ఈ కుర్చీ దిగితే ఒట్టు. మొన్న నువ్వు బస్సెక్కలేదూ? నువ్వే మడిచి, నువ్వే కొంగులోంచి జారవిడుచుకుని ఉంటావు. నీ చేతులు మాత్రం ఊరుకుంటాయా?"

అదీ నిజమే. ఊరుకోవు. ఒకే బల్ల మీద నేర్చిన రెండు జతల చేతులు, మడత చూసి ఇది నాది, ఇది దానిది అని ఎలా చెప్పగలం? పైగా చెబుతున్నది ఎవరు, అత్త! కుట్లక్క తన కళ్ళను కాదని అత్త మాటే నమ్మింది. ఏళ్ళు గడిచాక ఇంకోసారి అలాంటిదే దొరికితే, ఈసారి అడగను కూడా అడగలేదు. తన చేతులనే తిట్టుకుని ఆ టికెట్టును పొయ్యిలో వేసింది.

ఆ బెంగే ఆవిడ చేత నవల రాయించింది. పిచ్చిక ఎక్కడున్నా దెయ్యాల నవల కనబడితే వదలదు. ఆ ఇల్లు, ఆ పిల్ల, ఆ తలుపు చప్పుడు పుస్తకంలో చదివిందంటే, ఇది మా అక్క రాసిందేనని తెలుసుకుంటుంది. తెలుసుకుంటే వస్తుంది. అదీ కుట్లక్క ఆశ. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆవిడకు తెలిసిన దారి అదొక్కటే.

మూల నలిగిన తెల్ల షీట్లను ఓనరు పారేయించేవాడు. వాటిని ఇంటికి తెచ్చుకుని, మూడు మడతలు పెట్టి, ఏ పేజీ ఎక్కడ పడుతుందో చూసుకుని రాసేది. తలకిందులు రావలసిన పేజీని షీటు తిప్పి రాసేది. మడతలు కత్తిరించేది కాదు. కుట్టకముందు కత్తెర పెడితే ఫారం చెల్లాచెదరవుతుంది, ఆ పాపం చేస్తే బైండింగువాళ్ళకు నిద్రపట్టదు. పేజీలకు అంకెలు కూడా వేసేది కాదు. మడత తెలిసినవాళ్ళకు అంకె ఎందుకు? ఒక అధ్యాయానికి ఒక ఫారం. నచ్చకపోతే మళ్ళీ కొత్త షీటు. పట్టు పడితే ఉడుంపట్టు. చత్వారం వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, కళ్ళజోడు మారింది, నవల మాత్రం ఆగలేదు.

రాసినదంతా అత్తకు వినిపించేది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని కుట్లక్క చదువుతుంటే, అత్త కళ్ళు మూసుకుని వినేది. కథలో ముసలామెకు అత్త కుర్చీనే ఇచ్చింది, అత్త చెవులే పెట్టింది. ముద్దుకొద్దీ పెట్టిందనుకోండి. దెయ్యం వచ్చి వెళ్ళిన గుర్తుకు గడప దగ్గర మూడు మడతల కాగితం కూడా పెట్టింది. అంతా బాగానే నడిచేది గానీ, కథ తలుపు దాకా వచ్చేసరికి ఆగిపోయేది. బయట ఉన్నది ఎవరో పిచ్చిక చెప్పలేదాయె.

"ఈసారి తలుపు తీయించేస్తాను అత్తా. ఏమైతే అదవుతుంది."

"వద్దే! తీయించకు. తలుపు తీస్తే ఇక కథేముంది? ఇలా తడుతూ ఉంటేనే భయం."

"మరి ఆ పిల్ల ఎన్నాళ్ళని ఎదురుచూస్తుంది?"

"చూడనీ. ముసలామె తోడుందిగా. దానికేం తక్కువైంది?"

అత్త మాట మీద కుట్లక్క చివరి ఫారం ఎన్నిసార్లు చింపిందో. పెద్దది, లోకం చూసింది, మంచీచెడూ మనకన్నా తెలిసింది అనుకుంది. నమ్మి చెడినవాళ్ళు లేరని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడు ఈ ఇంట్లో ఒక్క పూట ఉండి ఉంటే, నోరు మూసుకుని తన దారిన తాను పోయేవాడు.

షాపుకు అద్దెపుస్తకాలాయన అని ఒకాయన వచ్చేవాడు. నవలలు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. చిరిగిన పుస్తకాలు సంచీలో తెచ్చి మళ్ళీ కుట్టించుకునేవాడు. "దెయ్యాల నవలలే చిరుగుతాయమ్మా, భయంతో గట్టిగా పట్టుకుంటారు కాబోలు" అనేవాడు. ఆయనకు అచ్చువేసేవాళ్ళు తెలుసు. చాలాకాలం తటపటాయించి, ఒకనాటి మధ్యాహ్నం కుట్లక్క మొదటి ఫారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చదివి చెప్పండి. బాగోకపోతే బాగోలేదనే చెప్పండి."

ఆయనకు పుస్తకాలు అద్దెకివ్వడం తెలుసు గానీ మడతల సంగతేం తెలుసు? న్యూసుపేపరు విప్పినట్టు షీటంతా విప్పి పట్టుకున్నాడు. తలకిందులుగా ఉన్నవి వదిలేశాడు, నిటారుగా కనబడ్డవి చదివాడు. ఎడమవైపు పదహారో పేజీ, దాని పక్కనే ఒకటో పేజీ. కుట్లక్క దారానికి మైనం రుద్దుతూ ఓరకంట చూస్తోంది. ఆయన పెదవి విరిచాడు.

"భాష బాగుందమ్మా. కానీ మొదట్లోనే గుట్టంతా విప్పేశారే!"

"ఏం గుట్టు? నాకే తెలీదు ఆ గుట్టు!"

"అదేంటమ్మా, ఇక్కడేగా ఉంది. ఎవరో పగలు వచ్చి, తలుపు తట్టి, మడిచిన కాగితం పెట్టి వెళ్ళారు. ఇంట్లో ఎవరికీ తెలీదట. వెంటనే పక్కనే ఏం రాశారు? ముసలామె కుర్చీ తలుపు దగ్గరే ఉంటుంది, ఆవిడకు తెలియకుండా చీమ కూడా లోపలికి రాలేదు అని. మరి ఆవిడకు వినబడకుండా ఎలా ఉంటుందండీ? వినబడింది. చెప్పలేదు. బయటున్నది దెయ్యం కాదు, లోపలున్నదే దెయ్యం. చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తారు!"

కుట్లక్క చేతిలో దారం ఆగిపోయింది.

"ఏంటమ్మా, అలా ఉన్నారు? తప్పుగా అన్నానా?"

కుట్లక్క ఆ షీటు వైపే చూస్తోంది. ఆ రెండు పేజీలు రాసింది తనే. కానీ వాటి మధ్య ఎప్పుడూ పద్నాలుగు పేజీల దూరం ఉండేది. లోకంలో షీట్లన్నీ విప్పి చూసిన మనిషి, తన షీటును మాత్రం ఎప్పుడూ మడిచే చదువుకుంది. దబ్బనం బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. "ఇప్పుడే వస్తాను" అని ఓనరుతో చెప్పిందో లేదో కూడా తెలీదు. ఆ షాపులో చేరాక ఆవిడ పని మధ్యలో బయటికి నడవడం అదే మొదటిసారి.

దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే నడిచింది. ఛీ, పెంచిన చేతులను అనుమానిస్తావా? కళ్ళు పోతాయి! అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? తిట్టుకుంటూనే ఉంది, కాళ్ళు మాత్రం ఆగలేదు. ఎండ నిటారుగా ఉంది. వీధిలో పిట్టమనిషి లేడు. పగలు తన ఇల్లు ఎలా ఉంటుందో కూడా కుట్లక్కకు తెలియదు. తలుపు వేసి ఉంది. ఎప్పుడూ చేసే చెప్పుల చప్పుడు చేయకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

పిలవలేదు. తట్టింది. రెండు తట్లు, ఆగి ఒకటి.

లోపల కుర్చీ కిర్రుమంది. తర్వాత అత్త గొంతు, తలుపుకు బాగా దగ్గరగా, వచ్చింది.

"ఇన్నాళ్ళకు మళ్ళీ వచ్చావా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు? మీ అక్క నీ మొహం చూడనంది. నీ పేరెత్తితేనే ఏడుస్తుంది. దాన్ని ప్రశాంతంగా బతకనీ తల్లీ. షాపుకు మాత్రం వెళ్ళకు, నిన్ను చూస్తే ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటానంది. వెళ్ళు, వెళ్ళిపో."

తన ఇంటి తలుపు ముందు, తన చెల్లెలు నిలబడిన చోట నిలబడి, చెల్లెలు విన్న మాటలన్నీ కుట్లక్క వింది. ఎంత మెత్తగా చెప్పింది అత్త! విసుక్కోలేదు, కసురుకోలేదు. ఆ గొంతులో అంత ప్రేమ ఉంటే ఎవరు మాత్రం నమ్మరు? పిచ్చిక కూడా నమ్మింది. నమ్మి, చేతిలో టికెట్టు మడుచుకుంటూ ఇక్కడే కాసేపు నిలబడి, గడప దగ్గర పెట్టి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ విన్నది, మళ్ళీ వెళ్ళింది.

"నేనత్తా," అంది కుట్లక్క.

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. అత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్నిసార్లు వచ్చింది?"

"ఏడాదికోసారి... ఒక్కో ఏడు రెండుసార్లు. ఈ మధ్య రావట్లేదు."

"ఎక్కడుంటోంది?"

"అడగలేదే. అడిగితే నీకు చెప్పెయ్యాలనిపిస్తుందని అడగలేదు."

"ఎందుకత్తా?" కుట్లక్క అరిచింది. "నీకేం అన్యాయం చేశాం? అమ్మవనుకున్నామే నిన్ను!"

"నువ్వే అన్నావుగా!" అత్త కూడా ఏడుపు మొదలెట్టింది. "అది వెళ్ళిన రోజు, ఇక్కడే నిలబడి, అది మళ్ళీ వస్తే తలుపు తీయకు అత్తా అన్నావుగా!"

"కోపంలో అన్నానత్తా! ఆ మాట ఆ ఒక్కరోజుకే! మర్నాటి నుంచి రోజూ నిన్ను అడుగుతూనే ఉన్నానే, ఎవరైనా వచ్చారా అని!"

అత్త కుర్చీలో కూలబడింది. "తెలుసే. తెలిసే చేశాను. అది వస్తే నువ్వు దానితో వెళ్ళిపోతావు. దానికి మొగుడున్నాడు, నీకు అదుంటుంది. నాకెవరే? ఇంత పెంచి, ఒక్కదాన్నే గోడల్ని చూస్తూ పోవాలా?"

కంచే చేను మేసిందంటారు. కానీ ఆ కంచెకు కూడా ఒంటరితనం ఉంటుందని ఎవరూ చెప్పరు. కుట్లక్కకు ఆ మనిషిని గొంతు పట్టి బయటికి నెట్టాలనిపించింది. అదే సమయంలో, కుర్చీ పట్టుకున్న ఆ చేతులు తనకు జడలేసిన చేతులని కూడా గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి మీద పడితే మనిషేం చేస్తుంది? గోడకు ఆనుకుని గుండెలవిసేలా ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, అత్తకు మంచినీళ్ళిచ్చింది. తర్వాత ఆ కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి లోపలి గదిలో వేసింది.

చెల్లెల్ని వెతకలేదా అంటే, వెతికింది. లారీలు ఆగే చోటల్లా తిరిగింది. ఆ డ్రైవరు ఆ పని మానేసి చాలాకాలమైందన్నారు, ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదన్నారు. ఇక మిగిలింది నవలే. చివరి ఫారం రాయడానికి ఈసారి ఎవరి సలహా అక్కర్లేకపోయింది. పిచ్చిక చెప్పకుండా దాచుకున్నది ఏమిటో ఆవిడకు తెలిసిపోయింది. కథలో పిల్ల పట్టపగలు ఇంటికొచ్చి, బయట నిలబడి తలుపు తడుతుంది. లోపలి మాటలు వింటుంది. లోపలికి వెళ్ళి తలుపు రెక్కలు రెండూ బార్లా తీస్తుంది. బయట ఎవరూ ఉండరు, మడిచిన కాగితం ఒక్కటే ఉంటుంది. చివరి వాక్యంగా ఆవిడ ఇలా రాసింది: "ఆనాటి నుంచి ఆ ఇంటి తలుపు తీసే ఉంది."

అలవాటు తప్పక అది కూడా అత్తకు చదివి వినిపించింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

"నన్ను దెయ్యాన్ని చేశావు కదే!"

"నువ్వు దెయ్యానివి కావత్తా. దెయ్యానివైతే వదిలించుకునేదాన్ని," అంది కుట్లక్క. లేచి వెళ్ళి అన్నం కలిపి తెచ్చి తినిపించింది.

అద్దెపుస్తకాలాయన తనకు తెలిసిన అచ్చువేసేవాళ్ళకు నవల చేర్చాడు. నవల అచ్చయింది. ఆ షీట్లు కుట్లక్క బల్ల మీదికే వచ్చాయి, తనే మడిచింది, తనే కుట్టింది. ఈసారి ప్రతి షీటూ విప్పి చూసి మరీ మడిచింది. చదివినవాళ్ళు చివరి ఫారం దగ్గర భయపడ్డారట. కొట్టులో పుస్తకం నిలవడం లేదని, అప్పుడే రెండుసార్లు కుట్టు ఊడిందని ఆయన వచ్చి చెబితే ఆవిడ నవ్వింది. "అది భయపడే చోటు కాదండీ, ఏడ్చే చోటు" అని మాత్రం అనలేదు.

ఓనరుతో మాట్లాడుకుని కుట్టుపని ఇంటికి తెచ్చుకుంది. వీధి తలుపు బార్లా తీసి, కుర్చీ ఉన్న చోట పీట వేసుకుని కుట్టేది. దుమ్ము పడుతుంది, ఎండ పడుతుంది, వీధిన పోయేవాళ్ళు తొంగిచూస్తారు. పడితే పడనీ, చూస్తే చూడనీ. లోపలి గదిలోంచి అత్త చలిగాలి కొడుతోందని గొణిగేది. దుప్పటి కప్పి వచ్చేది గానీ తలుపు దగ్గరికి వేసేది కాదు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. తిన్నావా అంటే తిన్నాను, పడుకుంటావా అంటే పడుకుంటాను. పాతరోజుల్లో తను అడిగిన ప్రశ్న ఇప్పుడు అత్త అడగడం మొదలుపెట్టింది.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారత్తా మనింటికి?"

అలా ఎన్ని ఎండలు, ఎన్ని వానలు పోయాయో. ఒకనాడు మధ్యాహ్నం కుట్లక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. లోపల్నుంచి అత్త గొంతు గాభరాగా వినబడింది.

"ఏమే... ఎవరో వస్తున్నారే."

కుట్లక్క తలెత్తి చూసింది. ఖాళీ వీధి. "ఎవరూ లేరత్తా, పడుకో."

"మలుపు అవతల ఉంది. దాని నడకే అది! నాకు తెలుసు. సగం దూరం గబగబా వస్తుంది, ఇల్లు దగ్గర పడేసరికి కాళ్ళీడుస్తుంది. వచ్చినప్పుడల్లా అంతే. లేవే! ఈ ఒక్కసారికి నన్ను నమ్మవే!"

కుట్లక్క కదల్లేదు. ఈ నోటిని నమ్మినందుకేగా బతుకంతా ఇలా అయింది! మళ్ళీ నమ్మాలా? కానీ తన చెల్లెలి నడక ఇప్పుడెలా ఉంటుందో ఈ లోకంలో తెలిసిన మనిషి అత్త ఒక్కతే. ఆ సంగతి గుచ్చుకుని, చేతిలో సూది చేతిలోనే ఉండగా లేచి నిలబడింది.

వీధి మలుపులోంచి ఒకావిడ వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. చంకలో ఒక పుస్తకం ఉంది, ఆ కుట్టు ఎవరిదో కుట్లక్కకు అంత దూరం నుంచే తెలిసింది. ఆవిడ గబగబా నాలుగడుగులు వేసి, తీసి ఉన్న తలుపును చూసి ఆగిపోయింది. ముందుకు రాలేక, వెనక్కు పోలేక, తలొంచుకుని నిలబడింది. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు, ఏదో చిన్న కాగితాన్ని మడుస్తున్నాయి.

కుట్లక్క పిలవలేదు. తీసి ఉన్న తలుపు మీదికి చెయ్యి చాపి, లోపలివైపు నుంచి తట్టింది. రెండు తట్లు, ఆగి ఒకటి.

పిచ్చిక తలెత్తింది.